గూడ్సు బండి ఆగిన ఉదయం

ఆ వారానికి నా గేటుపాసు గడువు ఇంకా పదకొండు రోజులే ఉంది.

స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవాడికి గేటుపాసు అంటే ఏమిటో బయటివాళ్ళకు కాస్త చెప్పాలి. కాంట్రాక్టరు మారతాడు, సూపర్‌వైజరు మారతాడు, మేము తెగిన కన్వేయర్ బెల్టులు అతికించే షెడ్డు మాత్రం మారదు. కొత్త కాంట్రాక్టరు కాగితాలు పెట్టినప్పుడల్లా మా మీద ఎక్కడా ఏ కేసూ లేదని పోలీసులు మళ్ళీ రాసివ్వాలి. అది వస్తేనే పాసు. పాసు లేని మనిషి గేటు దగ్గర నిలబడితే అతనికి పద్దెనిమిదేళ్ళ పనితనం ఉందో లేదో ఎవరూ అడగరు. కానిస్టేబులు మా ఇంటికి వచ్చి వెళ్ళాడు. "ఏ గొడవల్లోనూ లేవు కదా?" అన్నాడు. లేనన్నాను. రిపోర్టు మాత్రం ఇంకా వెళ్ళలేదు.

అలాంటి వారంలో సైకిలు మీద రైళ్ళ ఫోటోలు తీయడానికి బయలుదేరడం తెలివైన పని కాదు. కానీ కొత్తవలస దాటిన తర్వాత ఒక చిన్న స్టేషనులో పాత సిగ్నలు క్యాబిన్ కూల్చేస్తున్నారని తెలిసింది. రెండంతస్తుల ఇటుక గది. పై అంతస్తులో వరసగా ఇనుప లీవర్లు. వాటిని లాగితే ఎక్కడో దూరాన పట్టాలు కదిలేవి, సిగ్నలు చెయ్యి వాలేది. ఇప్పుడు ఆ పనంతా ఒక బల్ల మీది బటన్లు చేస్తాయి.

నేను క్యాబిన్‌లోకి ఎప్పుడూ అడుగు పెట్టలేదు. అయినా ఎర్ర రంగు లీవరు ఆగమనే సిగ్నలుదనీ, నల్లది పట్టాలు మార్చేదనీ, పసుపుది దూరపు సిగ్నలుదనీ, తెల్లది ఏ పనీ లేక ఊరికే ఉండేదనీ నాకు తెలుసు. ఎలా తెలుసంటే, నా బడి చదువు పదో తరగతితో ఆగింది. తర్వాతి చదువంతా మా శాఖా గ్రంథాలయంలోనే. రిటైరైన రైల్వే ఉద్యోగి ఎవరో చనిపోతే, ఆయన పుస్తకాల మూటను ఇంటివాళ్ళు గ్రంథాలయానికి ఇచ్చేశారు. అందులో రైలు నడిపే నిబంధనల పాత పుస్తకం ఒకటి ఉంది, ఇంగ్లీషుది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక వానాకాలమంతా చదివాను. ముఖ్యమైనవి తెలుగులో నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ పుస్తకాన్ని నాకు ముందు గాని, తర్వాత గాని ఎవరూ తీసుకోలేదని గ్రంథపాలకుడు చెప్పినప్పుడు నాకు కొంచెం గర్వంగా అనిపించింది.

నాతో వచ్చినవాడు నా స్నేహితుడు. జాలరి. ఫిషింగ్ హార్బరులో మరబోటు మీద వేటకు వెళతాడు, ఇంజను మొరాయిస్తే తనే విప్పి బిగిస్తాడు. చదువు మూడో తరగతి. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు, అయినా నన్ను బావ అంటాడు. మా నాన్న ప్లాంటు కట్టే రోజుల్లో గోదావరి జిల్లా నుంచి వచ్చాడు కాబట్టి, నేను ఇక్కడే పుట్టి పెరిగినా వాడి దృష్టిలో ఇంకా "గోదారోణ్ణే". అప్పటికి వేట నిషేధం నడుస్తోంది. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. వాడికి తోచడం లేదు.

"రైలు ఫోటో తీయడానికి ఇంత దూరం తొక్కాలేటి బావ? స్టేషన్‌కాడ నిలబడితే అదే వత్తాది కదా" అన్నాడు. అన్నాడే గాని, టెంటు మూట వాడే కట్టాడు. వలలు కట్టే ముడి వేశాడు. దారిలో ఎన్ని గతుకులు వచ్చినా ఆ మూట కదల్లేదు.

శనివారం చీకటి ఉండగానే గాజువాకలో బయలుదేరాం. పెందుర్తి చేరేసరికి తెల్లారింది, కొత్తవలసకు ఎండెక్కింది. ఆ రోజంతా నేను ఫోటోల కంటే ఎక్కువగా ఖాకీ బట్టలు చూశానని చెప్పాలి. వంతెన మీద ఇనుప ఖనిజం బండి వెళుతుంటే కెమెరా తీశాను. వెనకనుంచి మోటారుసైకిలు చప్పుడు వినగానే సంచిలో పెట్టేశాను. వచ్చింది పాలవాడు. ఒక లెవెల్ క్రాసింగు దగ్గర గేటుమాన్ మా వైపు చూశాడని మరో అరకిలోమీటరు ముందుకు తొక్కి గాని ఆగలేదు.

"ఆ కెమేరా దొంగసొత్తేటి బావ? పిల్లి పిల్లల్ని దాసినట్టు దాత్తన్నావు."

"రైల్వే స్థలంలో అడుగు పెడితే కేసు రాస్తారు. నా పాసు సంగతి నీకు తెలుసు కదా."

"అడుగెట్టలేదు కదేటి."

నిజమే, పెట్టలేదు. ప్రయాణం మొదలుపెట్టే ముందే ఆ నియమం పెట్టుకున్నాను. కంచెకు ఇవతలే నిలబడాలి, రోడ్డు మీదనుంచే తీయాలి. సాయంత్రం ఆ స్టేషను చేరాక కూడా క్యాబిన్‌ను అవతలి రోడ్డు మీదనుంచే తీశాను. కిటికీ అద్దాలు సగం పగిలిపోయాయి. లోపల లీవర్లు వరసగా నిలబడే ఉన్నాయి, తుప్పు కింద రంగులు ఇంకా కనిపిస్తున్నాయి. నేను నోటుబుక్కులో రాసుకున్న వరసలోనే ఉన్నాయి! ఒక్కొక్కటీ వాడికి చూపించి చెబుతుంటే, వాడు బుద్ధిగా విన్నాడు.

"ఇయ్యన్నీ పుస్తకంలోనే ఉన్నాయేటి?"

"అన్నీ."

"నువ్వు రైల్లో ఉజ్జోగం సేయాల్సినోడివి బావ" అన్నాడు. అది వెటకారంగా అన్నది కాదు.

స్టేషను దాటి నాలుగు కిలోమీటర్ల అవతల, కొండలు మొదలయ్యే చోట, పట్టాల పక్కన ఒక జీడితోట ఉంది. కాపలా ముసలాయనను అడిగి అందులో టెంటు వేసుకున్నాం. అది కూడా కంచెకు ఇవతలే. బాగానే నిద్రపోయాం. పొద్దున్నే బోరింగు దగ్గర ముఖాలు కడుక్కుని వచ్చాం. అప్పటికి ఎండ ఏటవాలుగా పట్టాల మీద పడుతోంది.

కింద వంపులోంచి ఇంజన్ల మోత వినిపించింది. ఖాళీ వ్యాగన్లతో కొండ మీదికి వెళ్ళే గూడ్సు అని శబ్దాన్ని బట్టే పోల్చుకున్నాను. ముందు మూడు ఇంజన్లు. ఎక్కుడు కాబట్టి నెమ్మదిగా వస్తుంది. వెలుతురు సరిగ్గా ముందు ఇంజను కిటికీ మీద పడుతోంది. అలాంటి వెలుతురు మళ్ళీ దొరకదు. కిటికీలోంచి డ్రైవరు తల బయటపెట్టి చూస్తే ఇక చెప్పక్కర్లేదు. అప్పటివరకు నేను తీసిన రైళ్ళన్నిటిలోనూ మనిషి లేడు.

కంటికి కెమెరా ఆనించుకునే అన్నాను. "ఒరే, డ్రైవరు మనవైపు చూసేట్టు ఊపు."

చెయ్యి ఊపుతాడనుకున్నాను. నేనైతే చెయ్యే ఊపుతాను. కానీ సముద్రం మీద చెయ్యి కనిపించదు. వీళ్ళ పడవ మీదనుంచి ఇంకో పడవను పలకరించాలంటే తువ్వాలు తీసి తల మీదుగా గిరగిరా తిప్పుతారు. వాడికి ఊపడమంటే అదే. తడి తువ్వాలు వాడి భుజం మీదే ఉంది.

కెమెరాలో నాకు ఇంజను ఒక్కటే కనిపిస్తోంది. కిటికీలోంచి తల బయటికి వచ్చింది. నొక్కాను. మళ్ళీ నొక్కాను. ఆ మనిషి ముఖం సంతోషంగా ఎందుకు లేదా అనుకునేలోపే బ్రేకులు పడ్డాయి. ఆ చప్పుడు విన్నవాళ్ళకు తెలుస్తుంది, ముందు ఇంజను దగ్గర మొదలై ఒక్కొక్క వ్యాగనూ ఢీకొంటూ వెనక్కి, వంపు అవతలికి వెళ్ళిపోతుంది. కెమెరా దించి పక్కకు చూశాను. వాడు ఇంకా నవ్వుతూ తిప్పుతున్నాడు. ఎర్ర తువ్వాలు.

నిబంధనల్లో ఆ పేజీ కూడా నేను రాసుకున్నాను. జెండా లేని చోట, ఎవరు ఏ వస్తువును గట్టిగా ఊపినా అది ప్రమాద సంకేతం. డ్రైవరు బండి ఆపి తీరాలి. ఎర్రదైతే ఇక అడిగేదే లేదు.

"ఆపు! ఆపరా!" అన్నాను. వాడు ఆపాడు. బండి కూడా ఆగింది. మా ఎదురుగానే.

కిటికీలోంచి డ్రైవరు అరిచాడు. "ఏమైంది? లైను మీద ఏముంది?"

"ఏటీ లేదు సార్! ఊరికే!" అన్నాడు మావాడు. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "ఫోటోకి!"

డ్రైవరు ఏమన్నాడో ఇక్కడ రాయను. అసిస్టెంటు కిందికి దిగి ఎందుకైనా మంచిదని ముందుకు కొంత దూరం పట్టాలు చూసి వచ్చాడు. డ్రైవరు వాకీటాకీలో మాట్లాడుతూనే రెండో చేత్తో సెల్‌ఫోను తీసి, మమ్మల్నీ సైకిళ్ళనూ టెంటునూ ఫోటోలు తీశాడు. నా చేతిలో కెమెరా వేలాడుతోంది. దాన్ని వెనక దాచుకోవాలనిపించింది, కానీ దాచుకుంటే ఇంకా తప్పుగా కనిపిస్తుందేమోనని దాచుకోలేదు.

"వెనక స్టేషనుకు చెప్పాను. వెళ్ళి మాస్టరుకు సమాధానం చెప్పుకోండి" అన్నాడు డ్రైవరు. అంత ఎక్కుడులో ఆగిన బండి మళ్ళీ కదలడానికి చాలాసేపు పట్టింది. ఆ సేపంతా మేము అక్కడే నిలబడ్డాం.

టెంటు మడవడం మొదలుపెట్టాం. ఎటు ఆలోచించినా తల గేటు దగ్గరికే వెళుతోంది. కేసు రాస్తారు. రైల్వే పోలీసులు ఊరు అడుగుతారు, పని అడుగుతారు. వెరిఫికేషన్ కాగితం ఇంకా ఏదో బల్ల మీద ఉంది, దాని మీద ఒక్క ముక్క చేరిస్తే చాలు.

"ఇటునుంచి ఇటే కొండల్లోకి తొక్కేత్తే?" అన్నాడు వాడు.

"ఫోటోలు తీశాడు కదా."

"నీది తీశాడేటి? నాది తీశాడు. తువ్వాలు నా సేతిలోనే ఉన్నాది." టెంటు మూటకు ముడి వేస్తూ అన్నాడు, "నాకేటి బావ బయం? సముద్రానికి గేటూ లేదు, పాసూ లేదు."

ఇంటికి దారి ఎలాగూ ఆ స్టేషను ముందునుంచే. తప్పించుకున్నవాడి కంటే తనంత తాను వచ్చినవాడి మీద దయ ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఎక్కడో చదివాను కూడా. ఆ నాలుగు కిలోమీటర్లలో ఏం మాట్లాడాలో వాక్యాలు పేర్చుకుంటూ తొక్కాను. ప్రతి వాక్యమూ బాగానే ఉండేది. చివరికి వచ్చేసరికి అన్నిట్లోనూ నా పేరూ, నేను చేసే పనీ చెప్పాల్సి వచ్చేది.

స్టేషను మాస్టరు యాభై దాటిన మనిషి. బల్ల మీద చిన్న దీపాలు వెలుగుతున్న పలక, పక్కన పెద్ద రిజిస్టరు. మమ్మల్ని కూర్చోమనలేదు.

"పంతొమ్మిది నిమిషాలు" అన్నాడు. "బండి పంతొమ్మిది నిమిషాలు నిలబడింది. దానికి కారణం నేను రాయాలి. ఏం రాయమంటారు?"

మావాడు ముందుకు వచ్చాడు. "తప్పయిపోనాది సార్. నాను సముద్రం మీద తిరిగీవోణ్ణి. మా వోళ్ళు పడవ కనిపిత్తే ఇలగే ఊపుతారు. ఎర్రగుడ్డని ఎరగను."

"ఎరుపు చూపిస్తే బండి ఆగుతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు."

"నాకు తెలీదు సార్." వాడు అక్కడితో ఆగితే సరిపోయేది. నన్ను కాపాడాలనే అనుకున్నాడు, నేను మామూలు మనిషిని కానని చెబితే మర్యాద దక్కుతుందనుకున్నాడు. "మా బావకి తెలుసు. ఈయన లైబ్రరీ అంతా సదివేసినోడు. రైలు రూల్సన్నీ నోటికొచ్చు. నిన్న మీ కేబిన్లో ఏ లీవరు దేనిదో నాకు సెప్పినాడు కూడాను."

స్టేషను మాస్టరు మొదటిసారి నావైపు సరిగ్గా చూశాడు. "అవునా? చదివారా?"

అప్పటివరకు ఆ ప్రశ్న ఎవరైనా అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో. "చదివాను సార్" అన్నాను.

"అయితే తెలిసే చేయించారా?"

"లేదు సార్. నేను కెమెరాలో చూస్తున్నాను. తువ్వాలు చూడలేదు."

అది నిజం. ఆయన నమ్మినట్టే ఉన్నాడు. "ఫోటోలు చూపించండి" అన్నాడు. చూపించాను. డ్రైవరు కిటికీలోంచి చూస్తున్నాడు, వెలుతురు అతని చెంప మీద ఉంది, ఫ్రేము అంచున ఎర్రగా ఏదో మసకగా ఉంది. నేను తీసినవాటిలో అదే మంచిదని అప్పుడే తెలిసింది. "తీసెయ్యండి" అన్నాడు. ఆయన మాట పూర్తి కాకముందే తీసేశాను. ఆయన అడగని క్యాబిన్ ఫోటోలు కూడా తీసేశాను.

ఆయన తెల్లకాగితం ఇచ్చాడు. "తెలియని మనిషి పొరపాటున గుడ్డ ఊపాడు, మందలించి పంపాను అని రాస్తే నా వరకు సరిపోతుంది. ఆ మాట ఊపినవాడు రాసివ్వాలి, పేరూ ఊరూ వేయాలి. ఎందుకు ఊపాడో స్పష్టంగా ఉండాలి. ఎవరైనా ఊపమన్నారా, తనంత తానే ఊపాడా, అది లేకపోతే పైవాళ్ళు నన్నడుగుతారు."

"నాకు రాత అంత రాదు సార్. బావ రాత్తాడు" అన్నాడు వాడు.

బల్ల మూల మీద కాగితం పెట్టుకుని రాశాను. నా దస్తూరి బాగుంటుంది. ఫలానా ఊరి నివాసిని, వేటకు వెళ్ళి బతికేవాడిని, రైలు సంకేతాలు నాకు తెలియవు. పడవల మీద తువ్వాలు ఊపి పలకరించుకోవడం మా అలవాటు, ఆ అలవాటు చొప్పున ఊపాను. అంతవరకు చేయి ఆగలేదు. ఆ తర్వాత రావాల్సిన వాక్యం నా తలలో తయారుగా ఉంది. నా వెంట వచ్చిన స్నేహితుడు, ఫోటో కోసం, డ్రైవరు చూసేలా ఊపమని చెప్పినందువల్ల. కామాలతో సహా తయారుగా ఉంది.

ఆ వాక్యం రాస్తే ఆ స్నేహితుడు ఎవరని అడుగుతారు. ఎక్కడ పని చేస్తాడని అడుగుతారు.

"సరదాకి ఊపాను" అని రాశాను.

"చదివి వినిపించండి" అన్నాడు స్టేషను మాస్టరు. చదివాను. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి వేగంగా చదివాను. వాడు నావైపు తిరిగాడు. కోపం లేదు, ఆశ్చర్యం కూడా పెద్దగా లేదు. ఇంజను లోపల ఏదో కొత్త చప్పుడు వినిపిస్తే వాడు అలాగే తల కాస్త పక్కకు వంచుతాడు.

"సరదాకేనా? ఎవరూ ఊపమనలేదా?"

"ఔను సార్" అన్నాడు వాడు. "సరదాకే. ఎవులూ సెప్పలేదు."

సంతకం పెట్టాడు. ఒక్కో అక్షరం గీసినట్టు పెట్టాడు. నా పేరు ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

బయటికి వచ్చాక, కొట్టు దగ్గర ఇడ్లీ తిందామన్నాడు. తిన్నాం. దారిలో వాడు మామూలుగానే మాట్లాడాడు, ఎండ గురించి, ఎదురుగాలి గురించి. నేను చెప్పాలనుకున్నది పెందుర్తిలో చెబుదామనుకున్నాను, తర్వాత గాజువాకలో చెబుదామనుకున్నాను.

తర్వాతి రోజుల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే ఎత్తేవాణ్ణి కాదు. డ్రైవరు ఫోనులో నా ముఖం కూడా ఉంది కదా! గ్రంథాలయానికి వెళ్ళాను, పేపరు ముందు పెట్టుకుని కూర్చున్నాను, ఏమీ చదవలేదు. తొమ్మిదో రోజు సూపర్‌వైజరు పిలిచి పాసు చేతిలో పెట్టాడు. కొత్త ఫోటో, కొత్త ముద్ర. ఆ రాత్రి, అన్ని రోజుల తర్వాత, కడుపునిండా తిన్నాను.

వేట నిషేధం ఎత్తేసిన మర్నాడు వాడిని చూడటానికి హార్బరుకు వెళ్ళాను. వాడు పడవలో వెళ్ళిపోయి ఉంటాడని తెలుసు. మరి ఎందుకు వెళ్ళానో చెప్పలేను, వాడు లేని చోటుకు వెళ్ళడం తేలిక అనుకున్నానేమో. జెట్టీ ఖాళీగా ఉంది. రెండు నెలలు ఒడ్డున ఎండిన పడవలన్నీ వెళ్ళిపోయాయి. వాడు మాత్రం ఒక పాత గేరుబాక్సు విప్పుకుని నీడలో కూర్చుని ఉన్నాడు.

"నువ్వు వెళ్ళలేదేం?"

"రైలు పోలీసోళ్ళు రమ్మన్నారు నిన్న. పొద్దుట్నించి సాయంత్రం దాకా బెంచీ మీద కూకోబెట్టేసినారు. ఈలోగా పడవ ఎల్లిపోనాది." మొదటి వేటకు ఎక్కనివాడి చోటులో ఇంకొకణ్ణి పెట్టుకుంటారు, ఆ విడత అంతా ఆ మనిషే వెళతాడు. ఆ సంగతి నాకు తెలుసని వాడికి తెలుసు, అందుకే చెప్పలేదు.

"కేసు రాశారా?"

"లేదు. మల్లీ ఇలగ సేత్తే లోపలెట్టేత్తానన్నాడు."

"ఏమడిగారు?"

"ఎవులు ఊపమన్నారని అడిగినారు." గేరు పళ్ళను కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్నాడు. "మూడుసార్లు అడిగినారు."

వాడు తల ఎత్తి, నా ముఖం చూసి, నవ్వాడు. నా మనసు తేలిక చెయ్యడానికే నవ్వాడు.

"నువ్వు రాసిన కాయితమే నాకు సదివి ఇనిపించినారు బావ. దాంట్లో ఏటుంటే అదే సెప్పినాను. శానా బాగా రాసినాడు, ఎవులు రాసినారని అడిగినాడు ఆ ఎస్సై."

"నువ్వేమన్నావు?"

"నాకు తెలిసినోడని సెప్పినాను" అన్నాడు, మళ్ళీ గేరు మీదికి వంగి.